వారంటీలో మార్చిన బ్యాటరీ

నాయనా,

నువ్వు పోయిన నెల రోజులకు నీ కారుకు కొత్త బ్యాటరీ వేయించాను. పాతదానికి వారంటీ ఉందని గుంతకల్లు షాపాయన ఊరికే మార్చి ఇచ్చాడు. "నిలబెట్టి తుడిస్తే చార్జి యాడ నిలుస్తాదప్పా? వారానికోసారన్నా నడపల్ల" అన్నాడు.

నువ్వేమో "తిప్పితే అరిగిపోతాది, తుడువు చాలు" అనేవాడివి. ఓట్లకు, పెళ్లిళ్లకు తప్ప కవరు తీయనిచ్చావా? నీకు గుండె నొప్పి వచ్చిన రోజు నేను తాళం ఎంత తిప్పినా అది స్టార్ట్ కాలేదు. అద్దాలు మాత్రం తళతళా మెరుస్తున్నాయి. ఆటో వచ్చేసరికి నువ్వు లేవు.

ఈరోజు ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. మన వాకిలి నుంచి ఆసుపత్రి గేటు దాకా నడిపి వచ్చాను. ఇక చార్జి కోసం వారం వారం అదే దారిలో తిప్పుతాను.

పోయేదానికి పన్నెండు నిమిషాలే పట్టింది, నాయనా.