గారు లేని కేటలాగు

జూన్ 8, 2009, సోమవారం
ఒట్టు! మా భవానీపురం లైబ్రరీ కేటలాగు మొత్తం ఎక్స్ఎమ్ఎల్ అనే పాత ఫైలు పద్ధతి నుంచి జేసన్ అనే కొత్తదాంట్లోకి ప్రోగ్రాంతోనే మారుస్తాను. ఒక్క రికార్డు కూడా చేత్తో ముట్టుకోను. వచ్చే సోమవారం వెబ్‌సైటు ప్రారంభం. అది పనిచేస్తే నా ఉద్యోగం పర్మినెంటని సెక్రటరీ తిరుపతిరావు గారు మాటిచ్చారు. మా ఇంట్లో మొదటి చదువు నాది, మొదటి ఉద్యోగమూ నాదే!

చేపల బజారులో కొట్టు దగ్గర్నుంచి అమ్మ ఫోన్. ఎక్స్ఎమ్ఎల్ అంటే ప్రతి చేపకీ పొట్లం కట్టి, పైనా కిందా రెండుసార్లు పేరు రాయడం, జేసన్ అంటే ఒక్కసారే రాయడం అని చెప్పాను.
"రెండుసార్లు రాసిన తింగరోడెవడే?" అంది.

జూన్ 9
ప్రోగ్రాం రాసేశాను! ప్రోగ్రాంలు నేర్పే ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నట్టే, రచయిత పేరులో చివరి మాట ఇంటిపేరు. ఆ ఇంటిపేరు కింద పుస్తకాన్ని పెట్టమన్నాను. బెంజ్ సర్కిల్‌లో నాకు నేనే బజ్జీలు కొనిపెట్టుకున్నాను.

జూన్ 10
పదకొండు వేల పుస్తకాలు లోపలికెళ్లాయి. ఒక్కటే బయటికొచ్చింది. 'కోళ్ల పెంపకం'. రచయిత ఇంటిపేరు: గారు.

లైబ్రేరియన్ బసవయ్య గారు ప్రతి రచయిత పేరు చివరా "గారు" అని టైపు కొట్టారట! అందరి ఇంటిపేరూ ఒకటే అయ్యేసరికి, వచ్చిన ప్రతి పుస్తకమూ ముందుదాన్ని తుడిచేసింది.
"ఇదేంటండీ?"
"అంతంత పెద్దోళ్లని ఉట్టి పేరు పెట్టి పిలుస్తామా అమ్మాయ్?"
"పిలవట్లేదండీ, వెతుకుతున్నాం."
"వెతికేటప్పుడు మర్యాద అక్కర్లేదా?"

జూన్ 11
ఇంటిపేరు వదిలేసి పుస్తకం నంబరు మీద పేర్చాను. అన్నీ వచ్చాయి! కానీ గారు కలిపి కొడితేనే రచయిత దొరుకుతున్నాడు. గారు ఎక్కడుంటే అక్కడ తీసెయ్యమని ప్రోగ్రాంకి చెప్పాను. 'బంగారు పంటలు' కాస్తా 'బం పంటలు' అయింది. సరే, బంగారాల్ని మాత్రం చేత్తో దిద్దుతాను. దీన్ని ముట్టుకోవడం అనరు.

జూన్ 12
ఇంకా ఏయే మాటలు మింగిందో! ప్రోగ్రాం మీద నమ్మకం పోయింది. పాత ఫైలు తెరిచి గారులన్నీ చేత్తోనే తీస్తున్నాను. తీసిన ప్రతిసారీ పక్కన బసవయ్య గారు "క్షమించండి బాబూ" అంటున్నారు. రచయితకి. నాకు కాదు.

జూన్ 14
వేళ్లు వాచాయి. ఒట్టు గురించి ఎవరూ అడగొద్దు.

జూన్ 15
సైటు తెరుచుకుంది! తిరుపతిరావు గారు ముందు వాళ్ల నాన్నగారి పుస్తకం వెతికారు. దొరికింది. చప్పట్లు. తర్వాత కళ్లజోడు సర్దుకున్నారు.
"మా నాన్నగారి పేరు పక్కన గారు ఏదమ్మా?"
బసవయ్య గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.
"అందరికీ పెట్టు. పెట్టాకే నీ పర్మినెంటు ఆర్డరు మీద సంతకం."

జూన్ 16
మళ్లీ ఒట్టు! తెర మీద చూపేటప్పుడు ప్రోగ్రామే గారు తగిలిస్తుంది. చేత్తో ఒక్కటి కూడా ముట్టుకోను. నడిపాను. అందరికీ వచ్చింది! ఒక పుస్తకానికి రచయితగా 'నీటిపారుదల శాఖ గారు' అని కూడా వచ్చింది. ఆ ఒక్కటీ దిద్దబోయాను.
"ఉంచమ్మాయ్," అన్నారు బసవయ్య గారు. "గవర్నమెంటు కదా."
ఉంచాను. ఇవాళ్టికి ఒట్టు నిలిచింది.