అడ్రసు ఉన్న తొమ్మిది కార్డులు

సోమవారం సాయంత్రం
ఆడవాళ్ళ హాస్టలు, కిటికీ పక్క మంచం

ఏమండీ,

నా చేతిరాత చూసి నవ్వకండి. నాలుగో తరగతి దాటని చేయి ఇది. సూది పట్టుకుంటే వణకదు గానీ, కలం పట్టుకుంటే చలిజ్వరం వచ్చినట్టు ఊగుతుంది. ఎక్కడ ఒత్తు పెట్టాలో, ఎక్కడ దీర్ఘం తీయాలో తెలియని చోటల్లా అందాజుగా పెట్టాను. మీరే సర్దుకుని చదువుకోండి. చదవగానే పొయ్యిలో పెట్టేయండి. మీ చెల్లెలి కంట మాత్రం పడనీయకండి. పోయిన ఏడాది నేను రాసిన సరుకుల చీటీని ఆవిడ ఎర్ర సిరాతో దిద్ది వంటింటి గోడకి అతికించిన సంగతి మీరు మర్చిపోయి ఉంటారు. పదకొండు తప్పులు. పంతులమ్మ కదా, అలవాటు కొద్దీ చేసింది, నా మీద కోపంతో కాదు. అయినా ఆ చీటీ ఊడి కింద పడేదాకా నేను వంటింట్లోకి తల దించుకునే వెళ్ళాను.

క్షేమంగా చేరాను. బస్సులో పక్కన కూర్చున్నావిడ "ఎక్కడికమ్మా" అని అడిగితే, జవాబు చెప్పడానికి నాకు రెండు ఊళ్ళు పట్టింది. ఆలోగా ఆవిడ నిద్రపోయింది.

పదకొండేళ్ళ క్రితం నేను వదిలి వెళ్ళిన నగరం ఇది కాదు. బస్టాండు ఉన్న చోట అద్దాల మేడ ఉంది. బస్టాండు ఎటో వెళ్ళిపోయింది. మొదటి రోడ్డు దాటడానికే ఎంతసేపు నిలబడ్డానో చెప్తే మీరు నవ్వుతారు. గుండె గుప్పెట్లో పెట్టుకుని నిలబడితే ఒక పెద్దాయన గొడుగు పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఈయన కదిలితే వెనకాలే పోదామని నేను ఆయన్ని చూస్తున్నాను. చాలాసేపటికి ఆయనే, "ఏమ్మా, కదలవేం? నువ్వు కదిలితే వెనకాల వద్దామని చూస్తున్నాను" అన్నాడు. చివరికి ఇద్దరం ఆ గొడుగునే చెరో పక్కా పట్టుకుని దాటాం.

ఇదంతా ఫోను చేసి చెప్పొచ్చు కదా అంటారు. ఫోనులో నేను ఊఁ అనడం తప్ప ఇంకేమంటాను? పెళ్ళయి మూడేళ్ళయినా మీ ఎదురుగా నిలబడి నాలుగు మాటలు వరసగా చెప్పలేకపోయాను. మీరు మూగనోము అని పిలిచేది ఊరికే కాదు. కాగితమైతే నన్ను గుడ్లప్పగించి చూడదు. అందుకని ఇక్కడ చెప్తున్నాను. నేను ఇంత దూరం వచ్చింది మన దర్జీ కొట్టుకి బొత్తాల కోసం కాదు.

బొత్తాలు కొంటాను, కంగారు పడకండి.

అమ్మ పోయాక నన్ను మేనత్త పెంచిందని మీకు తెలుసు. ఆమెని ఎలా వదిలి వచ్చానో తెలియదు. ఈ నగరంలోనే, మూడో అంతస్తులో ఒక గది. గోడల నిండా కొక్కేలకి కోట్లు వేలాడుతూ, వచ్చి ఎంతకీ వెళ్ళని చుట్టాల్లా ఉండేవి. దర్జీలు కుట్టి పంపిన కోట్లకి అత్త కిటికీ దగ్గర పీట వేసుకుని చేత్తో కాజాలు కుట్టేది. బొత్తాం దూరే కంత చుట్టూ దారం అల్లడమే ఆమె బతుకంతా. ఆరేళ్ళప్పుడు నాకు దారానికి మైనం పట్టించడం నేర్పింది, ఎనిమిదేళ్ళప్పుడు సూది ఇచ్చింది. అప్పటినుంచీ నేను ఆమెకి సూదిపిల్లనే.

నాన్న లారీ తోలేవాడు. నాకు పన్నెండేళ్ళప్పుడు మళ్ళీ పెళ్ళి చేసుకుని నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. అత్త ఏడవలేదు. పది పోస్టు కార్డులు నా చేతిలో పెట్టింది. ఆమెకి చదువు రాదు, కింద తాళాలు బాగుచేసే ఆయనతో పదింటి మీదా తన అడ్రసు రాయించింది. "నెలకొకటి రాయి. తాళాలాయన చదివి పెడతాడు" అంది.

చేరిన వారానికే మొదటి కార్డు రాశాను. దాన్ని పిన్ని చూసింది. చుట్టాలు భోజనాలు చేస్తుంటే, నేను ఎలా రాశానో అలాగే, ఆ తప్పులన్నిటితో పైకి చదివింది. తింటున్నవాళ్ళకి నవ్వి నవ్వి పొలమారింది. నాన్న కూడా నవ్వాడు. ఆ కార్డు చింపేశాను. ఇక్కడే ఇంతమంది నవ్వితే అక్కడ తాళాలాయన మెట్ల మీద నిలబడి చదువుతుంటే ఎంతమంది నవ్వుతారో అనుకున్నాను. ఒక నెల ఆలస్యమైతే రెండో నెల సంజాయిషీ కూడా రాయాలి కదా. ఏడాది ఆలస్యమైతే సంజాయిషీకే కార్డు సరిపోదు. అలా పదకొండేళ్ళు. మిగిలిన తొమ్మిదీ నా పెట్టె అడుగున ఉన్నాయి. ఇప్పుడు సంచీలో ఉన్నాయి.

పోయిన నెల బ్యాండు మాస్టారు పాత కోటు వదులు చేయమని తెచ్చారు, గుర్తుందా? దాని కింది కాజాలో ఒక్క కుట్టు ఎర్ర దారంతో ఉంది. అది అత్త కుట్టు. ప్రతి కోటులో చివరి కాజాకి ఒక్క ఎర్ర కుట్టు వేస్తుంది. కోటంతా కొన్నవాడిది, ఆ ఒక్క కుట్టూ నాది అనేది. మాస్టారు ఆ కోటు ఎక్కడ కుట్టించారో మీరే అడిగారు, ఆయన ఈ నగరం పేరే చెప్పారు. ఆ రోజే బొత్తాల వంక పెట్టాను. "నువ్వా? ఒక్కదానివే?" అని మీరు కత్తెర కింద పెట్టేశారు.

రేపు వెళ్తాను. నన్ను చూసి ఏమంటుందో, అసలు గుమ్మంలోకి రానిస్తుందో లేదో. ఇది మరవకుండా కాల్చేయండి.

అక్షరాలకి క్షమాపణలతో,
మీ మూగనోము

*

మంగళవారం సాయంత్రం

ఏమండీ,

నిన్నటి కంటే ఇవాళ చేతిరాత ఇంకా ఘోరం. కాళ్ళ నొప్పి చేతిదాకా వచ్చింది.

ఇల్లు దొరకలేదు.

వీధి దొరికింది. నీలం తలుపు కూడా దొరికింది. కానీ ఆ ఇల్లు కాదు. మా ఇంటి ముందు అయిదు మెట్లు ఉండేవి. నాకు బాగా తెలుసు, ఏడేళ్ళు వాటి మీదే కూర్చుని ఆడుకున్నాను. అయిదో మెట్టు మీద కూర్చుంటే దారిన పోయేవాళ్ళ తలలు నా తల ఎత్తులో కనిపించేవి. ఈ ఇంటికి రెండే మెట్లు. పక్కన తాళాలాయన బల్ల కూడా లేదు. గోడ అలాగే ఉంది, కిటికీలు అలాగే ఉన్నాయి. కార్డు మీద అడ్రసులోనూ వీధి పేరు, నీలం తలుపు, మూడో అంతస్తు అనే ఉంది, నంబరు లేదు. ఇంటి మెట్లు ఎవరైనా ఎత్తుకుపోతారా? ఒకేలాంటి ఇళ్ళు కట్టిన వీధి కాబోలని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు నాలుగుసార్లు తిరిగాను.

ఎవరినైనా అడగొచ్చు కదా అని మీరు అక్కడ కూర్చుని విసుక్కోవడం నాకు వినిపిస్తూనే ఉంది. అడుగుదామనే రొట్టెల కొట్టు ముందు నిలబడ్డాను. కొట్టావిడ "ఏం కావాలి" అంది. నా నోట్లోంచి "రొట్టె" అని వచ్చింది. తిరిగిన ప్రతిసారీ ఆవిడ అదే అడిగింది, నేను అదే అన్నాను. ఇప్పుడు నా మంచం మీద నాలుగు రొట్టెలున్నాయి. గదిలో ఉన్న నర్సమ్మకీ టైపు నేర్చుకునే అమ్మాయికీ పంచాను. నేను పెద్ద ధర్మాత్మురాలినని వాళ్ళు అనుకుంటున్నారు.

బొత్తాలు కొన్నాను. నల్లవి, బూడిద రంగువి, మీరు రాసిచ్చిన లెక్కకే. ఆ కొట్లో మాట్లాడే అవసరం రాలేదు, మీ చీటీ ఇస్తే సరిపోయింది.

కొట్టుకి వెళ్ళడానికి మాటలు అక్కర్లేదు, అత్త దగ్గరికి వెళ్ళడానికే కావాలి. అవే నా దగ్గర లేవు. బహుశా వద్దని రాసిపెట్టి ఉందేమో. రేపు మధ్యాహ్నం బస్సుకి వచ్చేస్తాను. ఈ ఉత్తరం కంటే నేనే ముందు చేరితే పోస్టుమాన్ దగ్గర నేనే అందుకుని పొయ్యిలో పెడతాను. ఉత్తరమే ముందు వస్తే ఆ పని మీరు చేయండి.

రొట్టెలతో,
మీ మూగనోము

*

శుక్రవారం
మూడో అంతస్తు, కిటికీ దగ్గర పీట

ఏమండీ,

బస్సు ఎక్కలేదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. కంగారు పడ్డారా? పడితే క్షమించండి, కొంచెం పడి ఉంటే మాత్రం బాగుండునని ఉంది.

బుధవారం పొద్దున సంచీ సర్దుకుని, చివరిసారి చూసి పోదామని ఆ వీధికి వెళ్ళాను. నీలం తలుపు పక్కన బల్ల వేసి ఉంది. దాని వెనక తాళాలాయన. జుట్టంతా నెరిసింది, మిగతాదంతా ఆయనే. మంగళవారం ఆయనకి సెలవట. నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. సంచీలోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని అడ్రసు చదివాడు, కార్డు తిప్పి చూశాడు, వెనక ఖాళీ. మళ్ళీ అడ్రసు చదివాడు.

"ఈ రాత నాదే" అన్నాడు.

అప్పుడు నేను మాట్లాడాను. పరాయి మనిషితో నేనుగా మొదలుపెట్టిన మొదటి మాట ఇదేనేమో: "మెట్లు ఏమయ్యాయి?"

ఆయన నవ్వాడు. "మెట్లు ఎక్కడికి పోతాయమ్మా? రోడ్డే పైకొచ్చింది. తవ్వరు, పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పోస్తారు. మూడు మెట్లు నీ కాళ్ళ కిందే ఉన్నాయి. ఇంకో పదేళ్ళు పోతే నేను కిటికీలోంచి దిగి పనికి రావాలి."

నేను నిలబడిన చోటే చూసుకున్నాను. మంగళవారమంతా వాటి మీద తొక్కుకుంటూనే తిరిగానన్నమాట. నవ్వాలో ఏడవాలో తెలియక, ముందు నవ్వాను. తర్వాత లోపలికి వెళ్ళి మేడమెట్లు లెక్కపెడుతూ ఎక్కాను. నలభై నాలుగు. ఒక్కటీ తగ్గలేదు.

తలుపు తెరిచే ఉంది. అత్త తల ఎత్తలేదు. "కోట్లు శుక్రవారం ఇస్తానని చెప్పానుగా" అంది. దర్జీ కొట్టు నుంచి వచ్చానని అనుకుంది. నేను గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేశాను. ఆ చప్పుడుకి ఆమె చూపు పైకి లేచింది, కానీ నా మొహం దాకా రాలేదు. నా చలికోటు దగ్గరే ఆగిపోయింది. మీకు తెలుసుగా, ఆ కోటు కాజాలు నేనే కుట్టుకున్నాను. చివరిదానికి ఒక ఎర్ర కుట్టు ఉంది. మీరు చూసి, నల్ల దారం అయిపోయిందా అని అడిగారు. ఊఁ అన్నాను. అయిపోలేదండీ.

"ఇలా రా" అంది అత్త. కోటు అంచు పట్టుకుని తిరగేసి బొటనవేలితో ఆ కాజాని రుద్దింది. "మైనం సరిగ్గా పట్టించలేదు" అంది. ఇంకోసారి రుద్దింది. "నా ఎర్ర కుట్టు నీకెవరిచ్చారే" అంటూ అప్పుడు నా మొహంలోకి చూసింది.

తొమ్మిది కార్డులూ ఆమె ఒళ్ళో పెట్టాను. ఒక్కటీ పోగొట్టలేదని, తప్పులు రాస్తానని సిగ్గేసి రాయలేదని చెప్పాను. వరసగా, ఆగకుండా చెప్పాను, మీరు వింటే నమ్మేవారు కాదు. అత్త కార్డులు ఒక్కొక్కటే తిరగేసి చూసింది.

"నాకు చదువే రాదు కదే. నువ్వు తప్పు రాశావో ఒప్పు రాశావో నాకెలా తెలుస్తుంది? నాలుగు సున్నాలు చుట్టి పంపినా, పిల్ల బతికే ఉందని తెలిసేది."

పదకొండేళ్ళలో ఒక్కసారైనా నాకు ఈ సంగతి తట్టలేదు చూడండి.

మొదటి రెండేళ్ళు మెట్ల మీద పోస్టుమాన్ అడుగులు వినిపిస్తే సూది కింద పెట్టేదట. తర్వాత పెట్టడం మానేసిందట, వినడం మాత్రం మానలేదట. అది విని నాకు ఏడుపు ఆగలేదు. అత్త ఒళ్ళో ఉన్న కోటు చప్పున పక్కకి లాగేసింది. కన్నీళ్ళు పడితే ఈ గుడ్డకి మరకలు పడతాయి, ఏడుపు శుక్రవారం తర్వాత పెట్టుకుందాం, పన్నెండు కోట్లున్నాయి, నువ్వు ఇటు కూర్చో అంది. కూర్చున్నాను. నా పీట అలాగే ఉంది. నేనే కొంచెం పెద్దదాన్నయ్యాను.

మన ఇంటికి వచ్చేయమని అడిగాను. మీ మాట లేకుండా అడిగాను, ఏమీ అనుకోకండి. అత్త నవ్వేసింది. తను వచ్చేస్తే ఈ నగరంలో సగంమంది కోట్లు బార్లా తెరుచుకుని తిరగాలంది. వచ్చే నెల మాత్రం పది రోజులు వస్తుంది. మీరు కాలరు ఎలా తిప్పుతారో చూడాలట. మీ పనితనం గురించి చాలా గొప్పగా చెప్పాను, కాబట్టి కాస్త జాగ్రత్త పడండి. ఇంకో సంగతి. ఎర్ర కుట్టు తనదేనట, తనుండగా ఇంకెవరూ వేయడానికి వీల్లేదట. నాకు పచ్చ దారం ఉండ ఇచ్చింది. ఇకనుంచి మన కొట్లో కోట్లకి చివరి కుట్టు పచ్చది. దారం అయిపోయిందా అని అడగకండి.

బుధవారం సాయంత్రమే ఒక కార్డు రాశాను. అత్త ఎదురుగా కూర్చుని అత్తకే రాశాను. అంత పాత కార్డు అలా వెళ్ళదని పోస్టాఫీసులో అంటే పైన ఇంకో తపాలా బిళ్ళ అంటించి వీధి చివర డబ్బాలో వేశాం. అది చేరేదాకా నేను కదలడానికి వీల్లేదని అత్త పట్టుపట్టింది. అందుకే ఈ ఆలస్యం.

ఇవాళ మధ్యాహ్నం పోస్టుమాన్ అడుగులు వినిపించాయి. అత్త సూది కింద పెట్టింది. నేనూ పెట్టాను. తర్వాత తాళాలాయన్ని పైకి పిలిచాం. ఆయన వెనకాల రొట్టెల కొట్టావిడ, కింది గదుల వాళ్ళూ వచ్చారు. ఆయన గొంతు సవరించుకుని చదివాడు. "అత్తా, నేను క్షేమంగా చేరాను. బెంగ పెట్టుకోకు. నీ సూదిపిల్ల." అంతే ఉంది అందులో. పదకొండేళ్ళ క్రితం చింపేసిన కార్డులో ఉన్నదీ ఇంతే. మధ్యలో ఒకచోట ఆగాడు. అత్త ఏమైందని అడిగింది. ఏం లేదు, పిల్ల ఒక అక్షరం మింగేసింది అన్నాడు. "రోడ్డు మూడు మెట్లు మింగితే ఏమీ అనలేదు గానీ, నా పిల్ల ఒక్క అక్షరం మింగితే ఆగుతావేం? చదువు" అంది అత్త. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేను పక్కనే కూర్చుని ఉన్నా, మూడుసార్లు చదివించుకుంది. తర్వాత ఆ కార్డుని కిటికీ పక్క గోడకి, దారపు ఉండల పైన, సూదితో గుచ్చింది.

ఇంకా ఎనిమిది ఉన్నాయి. ఎనిమిది నెలలకి వస్తాయి. తర్వాత కొత్తవి మీరు తెచ్చిపెట్టాలి, అడ్రసు నేనే రాసుకుంటాను.

వచ్చే బుధవారం సాయంత్రం బస్సుకి వస్తున్నాను. బస్టాండుకి రానక్కర్లేదు, ఒక్కదాన్నే రాగలను. అయినా రండి.

ఈ ఉత్తరం కాల్చకండి. ముందువి కాల్చకుండా ఉంటే అవీ ఉంచండి. చదివాక మీ చెల్లెలికి ఇవ్వండి. దిద్దాలనిపిస్తే దిద్దమనండి, నా అక్షరాల మీద కాకుండా పక్కన చిన్నగా. దిద్దడం అయ్యాక వంటింటి గోడకి పెట్టమనండి. నేనే చూసి నేర్చుకుంటాను.

ఇక మూగనోము అని పిలిచినా పలకని,
మీ సూదిపిల్ల