ఓడినోళ్ల ధర

ఓదెలూ,

నువ్వు పోయి రేపటికి యాడాది. పూజల పెట్టనీకి నీ పటం ఒక్కటి లేదని మీ బాపు పొద్దున చెన్నూరు నుంచి నా దగ్గరికి వచ్చిండు.

జాతర కుస్తీల కాడ ఫొటోలు తీసి అమ్ముడు మొదలుపెట్టినప్పుడు నాకు ధర పెట్టరాకపోయేది. నువ్వే చెప్పినవ్: "గెలిచినోళ్ల దగ్గర రెండు రూపాయలు తీస్కో. ఓడినోళ్లకు ఊకెనే ఇయ్యి. వాళ్లు సిగ్గుకు అడగరు." ఇప్పటికీ గా మాట మీదనే నడుస్తున్న.

నీ ఫొటో నా దగ్గర ఒక్కటే ఉంది, సుల్తానాబాద్ కుస్తీలది. నువ్వు ఎల్లెలుకల పడ్డవ్. గెలిచినోడు నీ రొమ్ము మీద మోకాలు పెట్టిండు. చీకటి అర్రల ఫొటో కాయితాన్ని మందునీళ్ల పళ్లెంల వేస్తే, వాని కంటే ముందు నీ ముఖమే తేలింది. గోదావరిల మునిగి, ఎంత వెతికినా తేలనోనివి, నా పళ్లెంల తేలినవ్.

ఫొటో మీ బాపు చేతిల పెట్టిన.

"ఎంత బిడ్డా?"

అలవాటు కొద్ది నోరు జారిన. "ఓడినోళ్లకు పైసలు లెవ్వు కాకా."

ఆయన జరసేపు చూసి, ఫొటోను మెల్లగ తలకిందులు తిప్పిండు.

"గిట్ల చూస్తే నా కొడుకే మీదున్నడు గద" అన్నడు. రెండు రూపాయలు బల్ల మీద పెట్టి పోయిండు.

మాపటికి నా కోసం ఇంకోటి కడిగిన. కాయితాన్ని తలకిందులుగనే వేసిన. మల్ల నీ ముఖమే ముందు తేలింది. గీసారి వాడు నీ కిందున్నడు. అయినా నువ్వు గెలిచినోని లెక్క లేవు, ఓదెలూ. నీళ్ల అడుగు నుంచి పైకి చూసేటోని లెక్కనే ఉన్నవ్.