అరుగు మీద సైగాన్ చారు

1947 జనవరి, శనివారం రాత్రి. ఇబ్రహీంపట్నం.

ఇయ్యాల రామయ్య హోటల్ల సైగాన్ చారు తాగిన. బియ్యప్పిండి సేమ్యాలు, కోడికూర, అనాసపువ్వు వాసన. జవానీల రామయ్య, నేను సైగాన్ రేవుల మూటలు మోసినప్పుడు వియత్నాం అక్క పోసిన చారే ఇది. ఆమె కొట్టుల పొట్టి పీటల మీద మోకాళ్ళు తగులుకుంట కూసునేటోళ్ళం. వాడు ఊరోడు, నేను మాలవాడోణ్ణి అని ఆమె ఎన్నడూ అడుగలే. గిన్నె ఖాళీ అయితే నవ్వుకుంట మళ్ళ పోసేది.

ఇక్కడ లోపట బల్లలు, పింగాణీ గిన్నెలు. మా వాడోళ్ళకు బయట అరుగు, మట్టి ముంత. బైబిల్ గ్రంథం చంకల పెట్టుకొని గడప కాడ నిలబడి అడిగిన. "సైగాన్ల పక్కపక్కన తిన్నం గదరా! ఈడ నాకు ముంతనా?"

రామయ్య తల వంచుకున్నడు. "నిన్ను లోపట కూసోబెడితె దొర రేపే హోటల్ మూయిస్తడన్నా. పిల్లలున్నోణ్ణి."

తిట్టుదామని నోరు తెరిచిన. అంతల వాడే రెండు ముంతలల్ల చారు తెచ్చి నా పక్కన అరుగు మీద కూసున్నడు. మోకాలుకు మోకాలు తగిలింది.

లోపట తింటున్న పటేల్ అరిచిండు. "ఏంరా రామయ్యా, ముంతల తాగుతున్నవ్?"

"గీడ గాలి మంచిగొస్తది పటేలా" అన్నడు రామయ్య, చారు ఊదుకుంట.

రేపు ఐతారం ప్రార్థనల నేను చెప్పే ప్రసంగంల ఆ హోటల్ మీద నిప్పులు కురిపిద్దామని వాక్యం తీసి పెట్టుకున్న. ఇప్పుడా పేజీ మూసిన. కానీ పటేల్ పోయి ఈ సంగతి దొరకు చెప్పకుంటడా? రేపు ప్రార్థన కాంగనే పోయి చూడాలె. హోటల్ తెరిచి ఉంటె ఆ అరుగు మీదనే కూసుంట. మూసి ఉంటె, ఈ పేజీ దొర గడీ ముందట తెరుస్త.