లోయలో సైరన్

ఆగస్టు 5
తమ్ముడు శీను ఫోన్ కలవడం లేదు. టీవీలో వాడు పనిచేసే లోయ — బురద, బండలు, మళ్లీ బురద. కొండ మీద మంచు కరిగి నిండిన చెరువు గట్టు తెంచుకుందట. వాడుండే సొరంగం పనివాళ్ల క్యాంపు చూపించరేం? రిమోట్ గోడకేసి కొట్టాను.

ఆగస్టు 6
మా హిందీ బడిలో తొమ్మిదో తరగతికి ఇవాళ నేను చెప్పాల్సిన పాఠం హిమానీనదాలు. ఖర్మ.

'మంచు లోయను మెల్లగా మలుస్తుంది' అని పుస్తకం. మలచడమా! పగుళ్లలో నీరు దూరి, గడ్డకట్టి, ఉబ్బి, గ్రానైట్‌ను లోపలి నుంచి చీలుస్తుంది. ఆ ముక్కల్నే పళ్లలా పట్టుకుని కొండ పక్కలు గీరేస్తూ దిగుతుంది. సన్నటి లోయను వెడల్పుగా తొలిచేస్తుంది. మంచు వెనక్కి తగ్గితే మిగిలేది రాళ్లూ రప్పల గట్టు, దాని వెనక నీళ్లు.

గట్టు గీస్తుంటే సుద్దముక్క విరిగింది. "మేడమ్, వో దీవార్ టూట్‌తీ హై క్యా?" — ఆ గట్టు తెగుతుందా అని ముందు బెంచీ పిల్ల.

తెగుతుంది. గంట కొట్టకముందే బయటికి వచ్చేశాను.

ఆగస్టు 7
నాన్న ధీమా చూస్తే ఒళ్లు మండుతోంది. "ఏటమ్మా ఆ ఏడుపు? సైరన్ మోగితే మనోడు పరిగెట్టడు. గేటు కాడ నిలబడి తలలు లెక్కెట్టిస్తాడు. నేన్నేర్పిందే కదా!"

నాన్న పనిచేసిన స్టీల్ ప్లాంట్‌లో గ్యాస్ లీకైతే అదే పద్ధతి. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఆయన్ని ఇన్నేళ్లు బతికించింది అదే. చిన్నప్పుడు మా ఇద్దరికీ క్వార్టర్ గేటు దగ్గర అలవాటు చేయించాడు.

ఆగస్టు 8
శీనుతో పనిచేసే వెల్డర్ ఫోన్. అతను బతికాడు. "సైరన్ బజా, హమ్ సబ్ ఊపర్ భాగే, దీదీ. శీను భయ్యా గేట్ పే..."

వీళ్లంతా పైకి పరిగెత్తారట, శీను మాత్రం గేటు దగ్గరే అందరినీ పేరు పేరునా పిలుస్తూ నిలబడ్డాడట. గేటు ఏటి ఒడ్డున. ఆ చదును నేల ఎప్పుడో ఇలాంటి వరద పరిచిందే అయివుంటుంది... పైకి ఎక్కాలిరా! పైకి!

నాన్నకు చెప్పలేదు. చెబితే ఆయన బతకడు.

ఆగస్టు 9
అన్నం కంచం విసిరాను. మెతుకులు నాన్నే ఏరాడు.

ఆగస్టు 11
అక్కడి నుంచి అధికారి ఫోన్. బండల కింద దొరికినవాళ్ల ముఖాలు గుర్తుపట్టేలా లేవట. డీఎన్ఏ పోల్చి చూడటానికి తండ్రి రక్తం కావాలట.

ఆసుపత్రిలో రక్తం ఇవ్వాలని మాత్రమే నాన్నకు చెప్పాను. ముఖం వెలిగిపోయింది. "సెప్పానా! గేటు కాడే ఉన్నాడు. దెబ్బలు తగిలుంటాయంతే. నాదీ ఆడిదీ ఒకటే గ్రూపు."

సుపేలా బజారు మీదుగా ఆసుపత్రి చేరేదాకా ఆటోలో చొక్కా చేయి మడుచుకునే కూర్చున్నాడు. నర్సు చిన్న గొట్టంలోకి కాస్త తీసి సూది లాగేసింది. ఆయన చేయి వెనక్కి తీసుకోలేదు.

"ఇదేటి, ఇంతేనా? ఇంకా తియ్యమ్మా. పిల్లోడికి సాలదు."

నర్సు నా వంక చూసింది. నేను తల దించుకున్నాను.

ఇంటికి వచ్చేశాం. మళ్లీ పిలుస్తారని వరండాలో కూర్చున్నాడు. చొక్కా చేయి ఇంకా దించలేదు.