మంచాల బస్సు

ఇబ్రహీంపట్నం,
17 సెప్టెంబరు 2006.

చిరంజీవి తమ్ముడు పరశురాంకు అక్క సునంద దీవెనలు. ఇక్కడ అమ్మ, మీ బావ, నేను కులాసాగానే ఉన్నాం. ఆ సరిహద్దు మంచుకొండల్లో నువ్వు కూడా కడుపునిండా తిని, ఒళ్లు వెచ్చగా పెట్టుకుని ఉన్నావనే ధైర్యంతో ఇది రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాద్దామని ఎన్నోసార్లు కూర్చున్నాను. నాలుగు మాటలు రాసి లేచిపోయేదాన్ని. ఫోన్లో చెబుదామంటే అమ్మ పక్కనే ఉంటుంది.

ముందు నువ్వు అడిగినవి చెబుతాను. అమ్మకు షుగర్ తగ్గింది. చాయ్‌లో చక్కెర మానేసింది గానీ, మొన్న వినాయకుడి లడ్డూ కొంగులో దాచుకుని తింటూ దొరికిపోయింది. "దేవుని ప్రసాదానికి షుగర్ రాదే" అంటుంది. మీ బావ మన్నెగూడలో ఒక వెంచర్ వాళ్ల దగ్గర చేరారు. ప్లాట్లు చూడడానికి వచ్చేవాళ్లను వ్యానులో తిప్పే పని. మన కంది చేను పక్క భూమి కూడా అమ్ముడుపోయి రాళ్లు పాతారు. సెలవు మీద వస్తే మన గెట్టు ఎక్కడుందో నేనే వచ్చి చూపించాలి నీకు.

నా కాళ్ల సంగతి అడిగావు. దవాఖానలో చూపించుకుంటే నరాలు ఉబ్బాయన్నారు. నిలబడే పని తగ్గించమన్నారు. నేను బస్సు కండక్టర్నని చెబితే డాక్టరమ్మ బిగుతు మేజోళ్లు ఇచ్చింది. జులై నెలాఖర్లో సెలవు పెట్టి, కాళ్ల కింద దిండ్లు పెట్టుకుని కొన్నాళ్లు పడుకున్నాను.

"అక్కా, ఈ మంచులో నిలబడి ఎవరికి ఏం చేస్తున్నానో సమజైతలేదు" అని రాశావు చూడు, ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. నేనూ రోజూ అదే అనుకుంటున్నాను తమ్మీ. టీచర్ కావాలని డిగ్రీ చేసి, చివరికి టికెట్లు కొడుతున్నాను. పొద్దున మంచాల అవతలి ఊళ్ల నుంచి పట్నానికి, సాయంత్రం పట్నం నుంచి ఆ ఊళ్లకు. చిల్లర కోసం కొట్లాట. ఎవరి నోట విన్నా గజం ధరే. ఎక్కినవాళ్లందరూ ఎక్కడో ఒకచోట దిగిపోతారు. నేనొక్కదాన్నే ఎక్కడికీ చేరను. అందుకే డిపో ఆఫీసులో కూర్చునే పని ఇప్పించమని ఏడాదిగా అడుగుతున్నాను.

సెలవు నుంచి రాగానే మా డిపో పెద్దసారు పిలిచారు. "సునందా, వచ్చే నెల ఒకటో తారీకు సంది ఆఫీసుల కూసో. నీ కాళ్ల సంగతి నాకెర్కైంది" అన్నారు. అమ్మకు చెబితే వెంటనే కొబ్బరికాయ కొట్టింది. నాకూ ఆ రాత్రి కాళ్లనొప్పి తెలియలేదు.

మరునాడు బస్సులో నిర్మల కనపడలేదు. ఇంటర్ రెండో సంవత్సరం పిల్ల, మంచాల దాటాక మూడో ఊరు. ఆ ఊరి నుంచి కాలేజీకి వచ్చే ఆడపిల్ల అదొక్కతే. ఆ పక్క ఊరి పిల్లను అడిగితే, "వాళ్ల బాపు సదువు బంద్ చేయించిండక్కా" అన్నది.

విషయం ఏమిటంటే, మా బస్సు ఆగే చోటు రోడ్డు మీద ఉంటుంది. ఊళ్లోకి బాగా నడవాలి. చీకటి పడితే నేను డ్రైవర్ పరమేశ్వరన్నకు చెప్పి, బస్సును నిర్మల వాళ్ల వాడ దాకా పోనిచ్చేదాన్ని. వాళ్లమ్మ బయటికి వచ్చేదాకా హారన్ కొట్టించేదాన్ని. అదేమీ నా పనిలో భాగం కాదు. ఏదో అలవాటైంది, అంతే. నేను సెలవులో ఉన్నప్పుడు ఒకరోజు వానకు సాగర్ రోడ్డు మీద లారీలు ఆగిపోయి బస్సు ఆలస్యమైంది. నా బదులు వచ్చిన కండక్టర్ రూలు ప్రకారం నిర్మలను రోడ్డు మీదే దించాడు. మోటారు సైకిలు మీద ఇద్దరు పోరగాళ్లు ఇంటి దాకా వెంటపడ్డారట. పిల్ల చెప్పులు వదిలేసి ఉరికింది.

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. నిర్మల తండ్రి సిద్దయ్య అరుగు మీద పార బిగిస్తున్నాడు. నిర్మల తలుపు వెనక నిలబడింది.

"ఇంకో ఏడు నెలలైతే పరీక్షలైపోతయి. పంపు బాపూ" అన్నాను.

"పంపుత. ఏమన్నైతే ఎవలొస్తరు? భూమి బేరం అయితున్నది, పెండ్లి జేసి పంపితే నాకు ఫికరే ఉండది."

"దాని సదువు?"

ఆయన పార పక్కన పెట్టి నా వైపు చూశాడు. "నువ్వుంటవా బస్సుల? పరీక్షలయ్యేదాంక, రోజూ? ఉంటనంటే చెప్పు, పంపుత. లేకుంటే ఊకో."

నిర్మల తలుపు చాటు నుంచి ఒక అడుగు బయటికి వేసింది.

"ఉంటా" అన్నాను.

తమ్మీ, ఇక చెప్పలేక ఆపిన మాట ఇదే. ఆ కుర్చీ వద్దని నేనే పెద్దసారుకు చెప్పి వచ్చాను. ఇప్పుడు అందులో ఇంకో కండక్టర్ లక్ష్మమ్మ కూర్చుంటోంది. అమ్మకు, మీ బావకు మాత్రం ఆర్డర్ ఇంకా రాలేదంటున్నాను. అమ్మ రోజూ అడుగుతుంది, రోజూ అబద్ధమాడుతున్నాను. నువ్వు ఫోన్లో నోరు జారకు. నేనే చెబుతాను.

మంచి పని చేశానన్న గర్వం ఉందనుకోకు. డాక్టరమ్మ ఇచ్చిన బిగుతు మేజోళ్లు వేసుకుని, సందు దొరికితే సీట్లో కూలబడుతున్నాను. సాయంత్రానికి కాళ్లు బరువెక్కితే ఆ పిల్ల మీదే కోపం వస్తుంది. పరీక్షలయ్యాక పెళ్లి చేయరని నమ్మకం ఏముంది? ఇంత చేసి ఏం లాభమనిపిస్తుంది. మళ్లీ పొద్దున్నే ఆ ఊరు దగ్గరపడుతుంటే నా కళ్లు ముందే కిటికీలోంచి వెతుకుతాయి. నీ కొలువుకు అర్థమేంటో నేను చెప్పలేను. నాకు తెలిసింది నా బస్సు వరకే.

సిద్దయ్య అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. నిర్మల మళ్లీ వచ్చిన రోజు తనూ బస్సెక్కాడు. టికెట్ తీసుకుని వెనక సీట్లో కూర్చుని దారంతా చూశాడు. బిడ్డను కాలేజీ గేటు దాకా దిగబెట్టి, సాయంత్రం మళ్లీ మా బస్సులోనే తీసుకుపోయాడు. పని చెడగొట్టుకుని రోజూ అలాగే వచ్చాడు.

నిన్న శనివారం పొద్దున బస్సు ఆగింది. నిర్మల ఎక్కింది. సిద్దయ్య కిందే ఉన్నాడు. ఎక్కుతాడేమోనని తలుపు పట్టుకుని ఆగాను.

"ఎక్కు బాపూ, టైమైతుంది" అన్నాను.

ఆయన వెనక్కి జరిగాడు. "నాకు చేన్ల పనున్నది. నువ్వు రైట్ చెప్పు బిడ్డా" అన్నాడు.

చెప్పాను. పరమేశ్వరన్నకు వినపడక, రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

ఇట్లు,
నీ క్షేమమే కోరుకునే
మీ అక్క సునంద