కర్పూరం వాసన జీతం

కవాగుచి,
ఫిబ్రవరి, 1975

ప్రియమైన ఇనె అక్కా,

నువ్వు అడిగినదానికి జవాబు రాస్తున్నాను. వస్తాను. చెర్రీలు పూసేలోగా ఈ ఇల్లు విడిచి నీ దగ్గరికి వచ్చేస్తాను. నీ టోఫు దుకాణంలో నా వాటా డబ్బు సిద్ధంగానే ఉంది. ప్రతి నెలా మా ఆయన జీతం కవరు తెచ్చి నా చేతిలో పెడతాడు. ఆయన చేతిఖర్చుకిచ్చి, ఇల్లు గడిపి, మిగిలింది అమ్మ పెట్టిన పెళ్ళి కిమోనోని కర్పూరం బిళ్ళ వేసి చుట్టిన కాగితంలోకి తోసేస్తాను. తీసి చూస్తే చేతులు ఊరుకోవని ఎన్నడూ విప్పలేదు.

బిడ్డ పోయాక ఆయన నాతో మాటలు మానేశాడక్కా. తిట్టడు, కొట్టడు. ఎదురుగా కూర్చుని తిని లేస్తాడు. ఏం చెప్పినా "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ"లతోనే ముసలిదాన్నయిపోతానేమోనని భయంగా ఉంది.

నీ చెల్లెలు,
రిత్సు

కవాగుచి,
మార్చి

అక్కా,

నా కోసం చోటు ఉంచకు.

నిన్న ఆయన అన్నం డబ్బా మరిచిపోతే కార్ఖానాకి పట్టుకెళ్ళాను. గేటుకి గొలుసు వేసి ఉంది. ఎదురుగా సిగరెట్ల కొట్టు ముసలమ్మ, "అయ్యో, నీకు తెలీదటమ్మా? పోయిన వేసవిలోనే మూసేశారుగా! మీ ఆయన రోజూ ఏటిగట్టున కూర్చుంటాడు" అంది.

మరి నెలనెలా జీతం? పరుగున వచ్చి కిమోనో కాగితం విప్పాను. ఒక్క నోటు మిగిలింది. పోయిన నెల కవరు కర్పూరం వాసన వేస్తే, ఇనుము పోతపోసే చోట ఇదేమిటని నవ్వుకున్నాను కూడా. నా డబ్బే నాకు జీతంగా ఇచ్చాడు. అందులోంచే నేను మళ్ళీ దాచాను. ముందు నవ్వొచ్చింది, తరవాత ఏడుపు ఆగలేదు.

కడిగేద్దామనే కూర్చున్నాను. ఆయన వచ్చి, చెప్పులు విప్పుతూ, "రిత్సూ, ఇకనుంచి నా చేతిఖర్చు తగ్గించు. సిగరెట్లు మానేశాలే" అన్నాడు. ఇన్నేళ్ళలో అంత పెద్ద మాట విని ఎరగను.

"పనెలా ఉందండీ?" అన్నాను.

"బానే ఉంది. చలికాలం కొలిమి దగ్గర హాయేగా."

టీ కప్పు అందిస్తుంటే ఆయన వేళ్ళు తగిలాయి. మంచుగడ్డల్లా ఉన్నాయి.

ఈ పొద్దున పెళ్ళి కిమోనో అమ్మేశాను. అమ్మ ఏమనుకున్నా సరే. ఆ కాగితంలో పాత నూలు కిమోనో ఒకటి మడిచి, వచ్చిన డబ్బు ఎప్పుడూ ఉండేచోటే పెట్టాను. కర్పూరం బిళ్ళ కొత్తది వేశాను.

ఎల్లుండి జీతం రోజు. ఆయన కవరు తెస్తాడు. నేను తల వంచి రెండు చేతులా అందుకుని, "ఈ నెలంతా చాలా కష్టపడ్డారు" అంటాను.

రిత్సు